ఈ పార్కు ఎవరిది?

(ఢిల్లీలో తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, సహోద్యోగులకు, రెండేసి మెట్రోలు మారి వచ్చిన కుటుంబ సభ్యులకు, వెనక వరుసలో భోజనాల కబురు కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు నా శుభాకాంక్షలు. నన్ను మాట్లాడమన్నప్పుడు సైబర్ మోసాల గురించో, పదవీ విరమణ తర్వాత పొదుపు గురించో చెబుతాననుకుని ఉంటారు. అవి ఆఫీసులో రోజూ వింటున్నవే. ఈరోజు నేను మీ ఇంటి పక్క పార్కు గురించి మాట్లాడతాను. నవ్వకండి. బ్యాంకులో చాలా ఏళ్ళు తనిఖీ విభాగంలో పనిచేసిన వాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా లెక్క చూడకుండా ఉండలేను.

మన ఉద్యోగంలో బదిలీ తప్పదు. ఢిల్లీకి ఆర్డరు రాగానే ముందు అద్దె ఇల్లు వెతుక్కుంటాం, తర్వాత పిల్లల స్కూలు, ఆ తర్వాత గ్యాసు, పాలు, మంచి బియ్యం దొరికే కొట్టు. ఇవన్నీ కుదిరాక ఊరి నుంచి అమ్మనో అత్తగారినో తీసుకొస్తాం. ఆవిడకు హిందీ రాదు. మూడో అంతస్తు ఫ్లాట్లో టీవీ ముందు ఎంతసేపని కూర్చుంటుంది? సాయంత్రం మనవణ్ణి తీసుకుని పార్కుకు వెళుతుంది. నెల తిరిగేసరికి ఒక తమిళ మామి, ఒక పంజాబీ అమ్మమ్మ స్నేహితులైపోతారు. భాష లేకపోయినా మోకాళ్ళ నొప్పుల గురించి, కోడళ్ళ గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటారు. ఢిల్లీలో టిక్కెట్టు లేకుండా, హిందీ రాకుండా, ఎవరి పరిచయం లేకుండా ఆవిడ వెళ్ళగలిగిన చోటు అదొక్కటే. పిల్లవాడికి స్కూలు బస్సుకూ హోంవర్కుకూ మధ్య దొరికే గంటా అక్కడే.

అలాంటి చోటు గురించి ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంటి దగ్గర పార్కు ఎవరిది? చేతులెత్తమంటే "ప్రభుత్వానిది" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. ఏ ప్రభుత్వం? ఏ శాఖ? అక్కడ ఉయ్యాల గొలుసు తెగితే ఎవరికి చెప్పాలి? ఇక్కడ చేతులు దిగిపోతాయి. నేను చెప్పదలచుకున్నది ఈ ప్రశ్న గురించే. పార్కు మనందరి ఉమ్మడి డిపాజిట్. దాన్ని ఉంచుకున్న స్థానిక సంస్థ ధర్మకర్త. లెక్క అడిగేవాళ్ళు ఉన్నంతకాలమే ధర్మకర్త జాగ్రత్తగా ఉంటాడు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూలు చేరింది. పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితా అది. అందులో పన్నెండో పని పార్కులు, తోటలు, ఆటస్థలాల వంటి పట్టణ సౌకర్యాలు కల్పించడం. "అప్పగించదగిన" అన్న మాట గమనించండి. ఎంత అప్పగించాలన్నది శాసనసభలు నిర్ణయించాలి. అందుకే ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరు. ఢిల్లీలోనైతే ఒక్కో వీధికి ఒక్కో తీరు.

ఢిల్లీ నగరపాలక సంస్థ, అంటే ఎంసీడీ చేతిలో 15,000కు పైగా పార్కులున్నాయి. 2012లో మూడు ముక్కలైన ఈ సంస్థ 2022 మే నెలలో మళ్ళీ ఒకటైంది. ఇప్పుడు 250 వార్డులు, 12 జోన్లు. కాలనీల్లో కనిపించే చిన్న పార్కుల్లో ఎక్కువ భాగం దీనివే. ఢిల్లీ అభివృద్ధి సంస్థ, అంటే డీడీఏ 1957 నాటి చట్టంతో ఏర్పడింది. కాలనీలు కట్టింది, పార్కులు వేసింది. కొన్నిటిని నగరపాలక సంస్థకు అప్పగించింది, పెద్ద పార్కులనూ క్రీడా ప్రాంగణాలనూ తన దగ్గరే ఉంచుకుంది. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ 1994 చట్టం కింద నడుస్తుంది. లోధీ గార్డెన్, నెహ్రూ పార్కు, తాల్కటోరా గార్డెన్ దాని నిర్వహణలో ఉన్నాయి. ఆర్.కె. పురం లాంటి ప్రభుత్వోద్యోగుల కాలనీల్లో పచ్చిక బయళ్ళు కేంద్ర ప్రజాపనుల శాఖ చూస్తుంది. కంటోన్మెంటులో ఉన్నవాళ్ళకు కంటోన్మెంటు బోర్డు.

ఒకే పార్కులో ఇద్దరు యజమానులూ ఉండవచ్చు. లోధీ గార్డెన్‌నే తీసుకోండి. ఖైర్‌పూర్ అనే ఊరిని అక్కడి నుంచి తరలించి 1936లో లేడీ విల్లింగ్డన్ పార్కు పేరుతో దాన్ని తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చాక పేరు మారింది. చెట్లూ నడక బాటలూ మునిసిపల్ కౌన్సిల్‌వి. సికందర్ లోదీ సమాధి, బడా గుంబద్ లాంటి కట్టడాలు పురావస్తు శాఖవి. మనం ఆదివారం పులిహోర డబ్బా తీసుకెళ్ళి కూర్చునే గడ్డి ఒకరిది, మనం ఫొటో దిగే గోడ ఇంకొకరిది.

యమున దాటితే కథ మారుతుంది. మన సిబ్బంది చాలామంది నోయిడాలో ఉంటున్నారు. 1976 ఏప్రిల్ 17న ఏర్పడిన నోయిడా అథారిటీయే అక్కడ రోడ్లు వేస్తుంది, చెత్త ఎత్తుతుంది, సెక్టారు పార్కులు చూస్తుంది. అక్కడ ఎన్నికైన కార్పొరేషన్ లేదు, కాబట్టి పార్కు గురించి నిలదీయడానికి వార్డు కౌన్సిలరు ఉండడు. అథారిటీ ఉద్యాన విభాగానికే రాయాలి. గురుగ్రామ్‌కు నగరపాలక సంస్థ 2008లో వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్న రాష్ట్ర పట్టణాభివృద్ధి సంస్థ సెక్టార్లు కట్టింది. కాబట్టి అక్కడ పార్కు చేతులు మారిందా, ఎప్పుడు మారింది అన్నది ముందు తేల్చుకోవాలి. ఇక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉంటే, గేటు లోపలి పచ్చిక అసలు ప్రజల పార్కే కాదు. అది ఫ్లాట్ల యజమానుల ఉమ్మడి స్థలం. ఉత్తరప్రదేశ్‌లోనైతే 2010 నాటి అపార్ట్‌మెంట్ చట్టం దానికి వర్తిస్తుంది. అక్కడ లెక్క అడగాల్సింది యజమానుల సంఘాన్ని.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, పార్కు పాడవడానికి సగం కారణం ఈ గందరగోళమే. మా కాలనీ సంగతి చెబుతాను. సంస్థల పేర్లు అనవసరం.

మా పార్కు ఎకరం లోపే. మూడు ఉయ్యాలలు, ఒక జారుడు బల్ల, చుట్టూ నడక బాట. ఉయ్యాలల్లో రెండింటికి పలకలు ఊడిపోయి గొలుసులు మాత్రం వేలాడుతున్నాయి. ఒక మూల టెంటు హౌసు వాళ్ళు వెదురు బొంగులు, ఇనప గొట్టాలు పేర్చారు. పెళ్ళిళ్ళ సీజనులో పందిరి గుంతలు పూడ్చేవాడు లేడు. మా కింది ఇంటి పిల్లవాడు ఒక గుంతలో కాలు పడి, ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు. నివాసుల సంఘాన్ని అడిగితే ఒక సంస్థ పేరు చెప్పారు. ఆ సంస్థ గుమాస్తా ఇంకో సంస్థ పేరు చెప్పాడు. రెండో చోట "మా మ్యాపులో ఈ పార్కు లేదు" అన్నారు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఖాతా ఉంది, డబ్బు పోతోంది, ఏ బ్రాంచిదో మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

అప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 2005 నాటి ఆ చట్టంలో మనకు పనికొచ్చే మూడు సంగతులున్నాయి. ఒకటి, దరఖాస్తు తప్పు కార్యాలయానికి వెళితే, దాన్ని సరైన కార్యాలయానికి ఐదు రోజుల్లోగా వాళ్ళే పంపాలి. "మాది కాదు" అని తిప్పి పంపే వీలు లేదు. ఎవరిదో వాళ్ళే తేల్చాలి. రెండు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడోది చాలామందికి తెలియదు: కాగితాల నకళ్ళే కాకుండా, జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా మనకుంది. రుసుము పది రూపాయలు. ఢిల్లీలో తెలుగులో రాస్తే కుదరదు. హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి.

జవాబు వచ్చింది. పార్కు ఎవరిదో తేలింది. దానితోపాటు ఇంకో సంగతీ తేలింది. ఉయ్యాలలు మూడూ బాగుచేసినట్టు, కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించినట్టు కాగితాల్లో ఉంది! తనిఖీ అడిగాం. ఒక ఉదయం జూనియరు ఇంజనీరు కొలతల పుస్తకం పట్టుకుని వచ్చాడు. మా వైపు నుంచి పదకొండు మంది వెళ్ళాం, అందులో ఎనిమిది మంది ఆడవాళ్ళు. మా పక్కింటి పిన్నిగారు, రాజమండ్రి ఆవిడ, హిందీలో నాలుగు మాటలే వచ్చు. పుస్తకంలో "మూడు" అని ఉన్న చోట వేలు పెట్టి, ఊగుతున్న ఒక్క ఉయ్యాల వైపు చూపించింది. అంతకు మించి ఎవరూ ఏమీ మాట్లాడనక్కర్లేకపోయింది.

నెలన్నరలో ఉయ్యాలలు వచ్చాయి. గుంతలు పూడాయి. ఇనప గొట్టాలు కదిలాయి. మూలన ఎవరో కట్టుకున్న రేకుల గది మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. దాని ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళుతోంది. మేమూ రాస్తూనే ఉన్నాం. అన్నీ గెలిచామని చెప్పను. అడిగినవాటిలో కొన్ని వచ్చాయి, అడగక ముందు ఒక్కటీ రాలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా.

ఉయ్యాల అంటే చిన్న సంగతి. స్థలమే పోతే? అలాంటివి రెండు దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళాయి. ఆ రెండు తీర్పులూ మన పిల్లలకు చెప్పదగ్గవి.

మొదటిది బెంగళూరుది. రాజ్‌మహల్ విలాస్ విస్తరణ ప్రాంతంలో పార్కుకని కేటాయించిన స్థలాన్ని, ప్రభుత్వ ఆదేశంతో ఒక వైద్య ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం ఇచ్చారు. చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకెళ్ళారు. "ఆసుపత్రి కూడా మంచిదే కదా" అన్నది అవతలి వాదన. వినడానికి బాగానే ఉంటుంది. 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రణాళికలో అందరి కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌గా మార్చే అధికారం లేదంది. ఆ స్థలం వల్ల మేలు పొందే ఇరుగుపొరుగువాళ్ళకు కోర్టుకు వచ్చే హక్కు ఉందని కూడా చెప్పింది. అంటే అక్కడ స్థలం కొనుక్కున్నవాడే కాదు, ఆ గాలి పీల్చేవాడు కూడా అడగవచ్చు.

రెండోది లక్నోది. అమీనాబాద్ బజారులో ఝండేవాలా పార్కు ఉంది. స్వాతంత్ర్యోద్యమంలో జెండా ఎగరేసిన చోటని పేరే చెబుతోంది. ఆ పార్కు కింద భూగర్భ దుకాణ సముదాయం కట్టుకోమని నగర మహాపాలికే ఒక బిల్డరుకు రాసిచ్చింది. టెండరు కూడా పిలవలేదు. 1999 నాటికి కట్టడం చాలా వరకు లేచింది. "ఇంత ఖర్చయ్యాక కూల్చడమెందుకు" అన్నది బిల్డరు గోడు. కూల్చి, పార్కును మళ్ళీ పార్కుగా చెయ్యాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పార్కు మహాపాలిక సొంత ఆస్తి కాదని, ప్రజల తరఫున ధర్మకర్తగా ఉంచుకున్నదని చెప్పింది. మన వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త సూత్రం కాదు. డిపాజిటరు డబ్బు మన చేతిలో ఉన్నంత మాత్రాన మనదైపోతుందా?

మనలో చాలామందికి హైదరాబాదులోనో, విజయవాడ చుట్టుపక్కలో, విశాఖలోనో స్థలం కొనాలని ఉంటుంది. మన రాష్ట్రాల్లో లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు సుమారు పదో వంతు స్థలాన్ని అందరి కోసం ఖాళీగా వదిలించి, దాన్ని స్థానిక సంస్థ పేరిట రాయించుకుంటారు. అలా రాయించకుండా వదిలేస్తే, పదేళ్ళ తర్వాత ఆ "పార్కు" ముక్కలై అమ్ముడుపోతుంది. హైదరాబాదులో 2024 జులైలో ఏర్పడిన హైడ్రా చేస్తున్న పనుల్లో ఒకటి ఇలా కబ్జా అయిన లేఅవుట్ పార్కులను విడిపించడం. విడిపించుకోవడం కన్నా ముందే చూసుకోవడం తేలిక. స్థలం కొనేటప్పుడు మీ ప్లాటు లింకు దస్తావేజులు ఎలా చూస్తారో, లేఅవుట్‌లోని ఖాళీ స్థలం దానపత్రం రిజిస్టరు అయిందో లేదో కూడా అలాగే చూడండి. గృహ రుణాల విభాగంలో పనిచేసే మిత్రులకు నా మనవి కూడా ఇదే.

మళ్ళీ ఢిల్లీకి వస్తాను. మన పిల్లలకు రావలసింది ఎంత? ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 లెక్క ఇలా ఉంది. ప్రతి 250 మందికి 125 చదరపు మీటర్ల పసిపిల్లల ఆటస్థలం. 5,000 మందికి అర హెక్టారు పార్కు. 10,000 మందికి ఒక హెక్టారు. లక్ష మందికి 5 హెక్టార్లు. 5 లక్షల మందికి 25 హెక్టార్ల జిల్లా పార్కు. ఇంటి దగ్గర పార్కు లెక్క చూడండి: 5,000 మందికి 5,000 చదరపు మీటర్లు. తలకు ఒక చదరపు మీటరు. మన ఇంట్లో పడుకోవడానికి పరిచే చాప అంతకన్నా పెద్దది. ఆ కాస్తలోనే టెంటు గొట్టాలు, రేకుల గది, పార్కింగు, సెల్ టవరు పంచుకోవాలని చూస్తున్నాయి. అందుకే అడుగు అడుగుకూ లెక్క అడగాలంటున్నాను.

ఇక నివాసుల సంఘాలు. సంఘాలు లేకపోతే ఢిల్లీలో చాలా పార్కులు ఈపాటికి చెత్తకుప్పలయ్యేవి. 2000లో ఢిల్లీ ప్రభుత్వం భాగీదారీ పేరుతో సంఘాలను పాలనలో భాగస్వాములను చేసింది. 2004లో ఢిల్లీ పార్క్స్ అండ్ గార్డెన్స్ సొసైటీ వచ్చింది. పార్కును దత్తత తీసుకున్న సంఘానికి ఎకరానికి ఇంత అని నిర్వహణ ఖర్చు ఇస్తుంది. మాలీ జీతం, మొక్కలు, నీళ్ళు అందులోంచి. మంచి ఏర్పాటే. కానీ దత్తత ఇచ్చాక తన పని అయిపోయిందని స్థానిక సంస్థ చేతులు దులుపుకుంటే, అక్కడ కొత్త చిక్కు మొదలవుతుంది.

చాలా సంఘాల్లో సభ్యత్వం ఇంటి యజమానులకే. మనలాంటి అద్దెవాళ్ళకు ఓటు లేదు. ఇళ్ళలో పనిచేసే అమ్మాయిలకు, కారు తుడిచేవాళ్ళకు, ఇస్త్రీ బండి ఆయనకు అసలే లేదు. అప్పుడు ఏమవుతుందో మీరూ చూశారు. గేటుకు తాళం. "పదకొండు నుంచి నాలుగు దాకా మూసి ఉంటుంది." "బంతి ఆటలు నిషేధం." "బయటివాళ్ళకు ప్రవేశం లేదు." ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రజల పార్కులో బయటివాళ్ళంటే ఎవరు? మధ్యాహ్నం రెండు గంటలకు నాలుగు ఇళ్ళ పని ముగించుకుని, ఐదో ఇంటికి వెళ్ళేలోపు నీడన కూర్చోవాలనుకునే మనిషి బయటిది ఎలా అవుతుంది? గులాబీ మొక్కలు పాడవుతాయని పిల్లల్ని తరిమితే, ఆ పిల్లలు రోడ్డు మీద కార్ల మధ్య ఆడతారు. పెద్దలకు నడక ముఖ్యం, పిల్లలకు ఆట ముఖ్యం. రెంటికీ వేళలు పంచి, ఒక మూల ఆటకు వదిలితే సరిపోయే తగవు ఇది. ఇలాంటి తగవు తీర్చడానికే అందరి ఓట్లతో ఎన్నికైన సంస్థ ఉండాలి. సంఘం పార్కును చూసుకోవచ్చు, సంఘాన్ని కార్పొరేషన్ చూసుకోవాలి, కార్పొరేషన్‌ను మనం చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏ మెట్టు ఊడినా పార్కు కొందరిదైపోతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఢిల్లీలో అందమైన పార్కులు ఎక్కడున్నాయంటే, న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ పరిధిలో ఉన్నాయి. అక్కడ ఎన్నికైన వార్డు కౌన్సిలర్లు లేరు. అయితే ఎన్నికలకూ పార్కులకూ సంబంధం లేదా అని అడగవచ్చు. ఆ కౌన్సిల్ విస్తీర్ణం సుమారు 43 చదరపు కిలోమీటర్లు. ఢిల్లీలో దాదాపు మూడు శాతం. మంత్రులు, రాయబారులు, పెద్ద కార్యాలయాలు ఉండే చోటు. అక్కడ అడిగేవాళ్ళు ఓటు లేకుండానే అడగగలరు. మిగతా నగరంలో ఉన్నవాళ్ళకు ఓటు, దరఖాస్తు తప్ప వేరే బలం లేదు. నగరపాలక సంస్థకు 2022 డిసెంబరులో ఎన్నికలు జరిగినా, పెద్ద కాంట్రాక్టులకు ఆమోదం తెలపాల్సిన స్థాయీ సంఘం వివాదాల వల్ల రెండేళ్ళకు పైగా పూర్తిగా ఏర్పడలేదు. బ్యాంకులో ఆడిట్ కమిటీ రెండేళ్ళు కూర్చోకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

పార్కులో నడిచే కార్యక్రమాలకూ ఇదే సూత్రం. 2021 డిసెంబరులో ఢిల్లీ ప్రభుత్వం 'దిల్లీ కీ యోగ్‌శాల' మొదలుపెట్టింది. 25 మంది కలిసి కోరితే పార్కుకే ఉచితంగా యోగా శిక్షకుడిని పంపేవారు. మా పార్కులోనూ పొద్దున్నే చాపలు పరుచుకునేవారు. 2022 నవంబరు వచ్చేసరికి అనుమతుల వివాదంలో అది ఆగిపోయింది. తప్పెవరిదన్న చర్చ మన సభకు సంబంధించింది కాదు. కానీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని సంతోషించిన పెద్దావిడకు, గురువుగారు ఎందుకు రావడం లేదో చెప్పిన కార్యాలయం ఒక్కటీ లేదు. ఏ కార్యక్రమమైనా ఎవరి బడ్జెట్‌లో ఉంది, ఎవరి అనుమతితో నడుస్తోంది, ఎప్పటిదాకా ఉంటుంది అన్నది మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. పిల్లల వేసవి శిబిరమైనా, ఓపెన్ జిమ్ అయినా అంతే. రిబ్బను కత్తిరించిన ఫొటో అందరి దగ్గరా ఉంటుంది; గ్రీజు ఎవరు పెట్టాలో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

మనం కూడా పార్కును వాడుకునేవాళ్ళమే కాబట్టి మన వంతు కూడా చెప్పుకోవాలి. కార్తిక మాసంలో వనభోజనాలు పెట్టుకుంటాం. నలుగురూ కూర్చుని తెచ్చుకున్నది తింటే ఇబ్బంది లేదు. వందమందికి పందిరి వేసి, మైకు పెట్టి, పొయ్యి వెలిగించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఉసిరి చెట్టు కింద తినాలన్న ముచ్చటతో కొమ్మ విరచకూడదు. 1994 నాటి ఢిల్లీ వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం. విస్తళ్ళు, గ్లాసులు మూటగట్టి మనమే తీసుకెళ్ళాలి. మనం లెక్క అడగబోయేవాళ్ళం. మన పేరిట బాకీ ఉండకూడదు.

చివరిగా, ఈ వారంలో చేయదగ్గ పనులు నాలుగు చెబుతాను. 

ఒకటి, మీ పార్కు గేటు దగ్గర బోర్డు చూడండి. సంస్థ పేరు, ఉద్యాన విభాగం ఫోను నంబరు ఉంటే ఫొటో తీసుకోండి. లేకపోతే అదే మొదటి ఫిర్యాదు. ఎంసీడీకి, డీడీఏకు ఫిర్యాదుల యాప్‌లున్నాయి. ఫిర్యాదు సంఖ్య దాచుకోండి. సంఖ్య లేని ఫిర్యాదు వోచరు లేని ఎంట్రీ లాంటిది.

రెండు, పిల్లల చేత పార్కు లెక్క రాయించండి. ఎన్ని బెంచీలు, ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఎన్ని ఉయ్యాలలు ఊగుతున్నాయి, ఏ కరెంటు పెట్టె మూత తెరిచి ఉంది. వానాకాలానికి ముందు ఈ చివరిది తప్పనిసరి. పిల్లలకు ఇది మంచి ఆట, పెద్దలకు మంచి రికార్డు.

మూడు, ఒక్కరే వెళ్ళకండి. పదిమంది సంతకాలతో వెళ్ళండి. ఆ పదిమందిలో ఇంటి యజమానులు, అద్దెవాళ్ళు, పనివాళ్ళు అందరూ ఉండేలా చూడండి. మీ వార్డు కౌన్సిలరు ఎవరో తెలుసుకుని, ఒకసారి పార్కుకే రమ్మని పిలవండి.

నాలుగు, బదిలీ అయినప్పుడు ఫైలు అప్పగించండి. "మూడేళ్ళకు పోయేవాళ్ళం, మనకెందుకు" అని మనవాళ్ళు అంటుంటారు. మన బ్రాంచి మూడేళ్ళలో మేనేజర్లు మారినా నడవడం లేదా? చార్జి అప్పగించే పద్ధతి ఉంది కాబట్టే నడుస్తోంది. ఫిర్యాదు సంఖ్యలు, జవాబులు, ఫొటోలు ఒక కవరులో పెట్టి, ఆ ఇంట్లోకి వచ్చేవాళ్ళకో పక్కింటివాళ్ళకో ఇచ్చి వెళ్ళండి. మీరు వెళ్ళిన ఊళ్ళోనూ ఒక పార్కు ఉంటుంది. అక్కడా ఎవరో ఒకరు అలాంటి కవరు మీకిచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

భోజనాలు సిద్ధమని వెనక నుంచి సైగ చేస్తున్నారు. సోమవారం సాయంత్రం పార్కుకు వెళ్ళినప్పుడు, దయచేసి ముందు బోర్డు చదవండి.